సీసాలో నత్త, లండన్‌లో ఆఖరి తీర్పు: లార్డ్ అట్కిన్ కథ

మన పిల్లల్లో ఎవరైనా లా చదువుతుంటే ఒక్కసారి నత్త కేసు గురించి అడిగి చూడండి. హైదరాబాద్‌లో చదివినా, లండన్‌లో చదివినా, కౌలాలంపూర్‌లో చదివినా టకటకా చెప్పేస్తారు. సీసాలో నత్త వచ్చింది, తాగినావిడ కేసు వేసింది, గెలిచింది. ఆ తీర్పు రాసిన జడ్జి ఎవరంటే మాత్రం పేరు దాటి ఇంకేమీ చెప్పలేరు. ఆయన పేరు జేమ్స్ రిచర్డ్ అట్కిన్. లా పుస్తకాల్లో లార్డ్ అట్కిన్ అని ఉంటుంది.

నేను లాయర్ని కాదు. లండన్‌లో ఇండియన్ సరుకులు దిగుమతి చేసే ఒక చిన్న కంపెనీకి లెక్కలు చూస్తుంటాను. ఆవకాయ, గోంగూర, కందిపొడి, అప్పడాలు. సీసా కొనేది ఒకరు, ఇంట్లో తినేది ఇంకొకరు. అందులో గాజుపెంకు వస్తే జవాబు చెప్పాల్సింది ఎవరు? షాపు వాడా, మేమా, గుంటూరులో పచ్చడి పెట్టినవాళ్లా? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తూ వెళ్తూ ఈయన దగ్గర ఆగిపోయాను. జవాబు కన్నా నన్ను ఎక్కువగా పట్టేసింది వేరే సంగతి. అదే గాజుపెంకుకి గ్లాస్గోలో ఒక జవాబు, లండన్‌లో ఒక జవాబు, అడిలైడ్‌లో ఇంకో జవాబు రాకుండా చూసింది ఎవరు అన్నది.

అట్కిన్ పుట్టింది 1867 నవంబర్ 28న, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో. తండ్రి ఐర్లాండ్ నుంచి వలస వెళ్లిన మనిషి, క్వీన్స్‌లాండ్ శాసనసభ సభ్యుడిగా కూడా చేశారు. తల్లిది వేల్స్. పిల్లవాడికి ఐదేళ్లు నిండకముందే, 1872లో తండ్రి పోయారు. అన్నదమ్ములు ముగ్గురూ వేల్స్ పల్లెటూళ్లో అమ్మమ్మగారింట్లో పెరిగారు. మన లెక్కన చూస్తే విదేశంలో పుట్టి, అమ్మమ్మ దగ్గర పెరిగిన ఎన్నారై పిల్లాడే. ఆ ఇంటికి ఇంకో చుట్టరికం కూడా ఉంది. అట్కిన్ పిన్నిని పెళ్లాడింది పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్. జీవితాంతం అట్కిన్ తనని తాను వేల్స్ మనిషిగానే చెప్పుకున్నారు. ఇది ముందు ముందు పనికొచ్చే సంగతి, గుర్తుంచుకోండి.

బ్రెకన్‌లో స్కూలు, ఆక్స్‌ఫర్డ్‌లో డిగ్రీ అయ్యాక 1891లో లండన్‌లో బారిస్టర్ అయ్యారు. మొదటి కొన్నేళ్లు కేసుల్లేవు. స్క్రటన్ అనే పెద్ద కమర్షియల్ లాయర్ దగ్గర జూనియర్‌గా పని నేర్చుకున్నారు. తర్వాతి కాలంలో గురువూ శిష్యుడూ ఇద్దరూ అప్పీలు కోర్టులో ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. 1893లో పెళ్లి. ఆ అమ్మాయి లిజీ కూడా బ్రిస్బేన్‌లో పుట్టినదే. ఎనిమిది మంది పిల్లలు. 1906లో కింగ్స్ కౌన్సెల్, 1913లో హైకోర్టు జడ్జి, 1919లో అప్పీలు కోర్టు జడ్జి. ఇవన్నీ మామూలు మెట్లే కాబట్టి గబగబా దాటేస్తున్నాను.

ఒక్క మెట్టు దగ్గర మాత్రం ఆగాలి. అప్పీలు కోర్టుకి వచ్చిన ఏడాదే, 1919లో బాల్ఫర్ కేసు వచ్చింది. భర్త సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, ఇరిగేషన్ శాఖలో ప్రభుత్వ ఉద్యోగి. సెలవుకి ఇద్దరూ ఇంగ్లండ్ వచ్చారు. ఆవిడకి ఒంట్లో బాగాలేక డాక్టర్ ఇక్కడే ఉండమన్నారు. భర్త ఓడ ఎక్కే ముందు నెలకి 30 పౌండ్లు పంపుతానని మాట ఇచ్చాడు. కొన్నాళ్లకి ఇద్దరి మధ్యా చెడింది. ఆవిడ ఆ డబ్బు కోసం దావా వేసింది. కింది కోర్టులో గెలిచింది, అప్పీల్లో ఓడింది. మొగుడూ పెళ్లాల మధ్య ఇంట్లో అనుకున్న మాటలు కోర్టుకెక్కే ఒప్పందాలు కావని, చట్టబద్ధంగా కట్టుబడాలనే ఉద్దేశం ఆ మాటల్లో ఉండదని అట్కిన్ రాశారు. ఇండియాలో కాంట్రాక్ట్ చట్టం చదివే ప్రతి విద్యార్థీ ఈ కేసు చదువుతాడు.

నాకు ఈ తీర్పు నచ్చదు. దుబాయ్‌లోనో దోహాలోనో భర్త, ఊళ్లో భార్య, మధ్యలో నెలకి ఇంత అని ఒక మాట. ఇలాంటి ఇళ్లు మనవాళ్లలో ఎన్ని లేవు! ఆ మాటకి కోర్టులో విలువ లేదంటే నష్టపోయేది ఎప్పుడూ ఊళ్లో మిగిలిపోయిన మనిషే. అయినా అట్కిన్ ఏం చేస్తున్నారో అర్థమవుతుంది. ఒక భార్య మీద జాలితోనో కోపంతోనో కాకుండా, అన్ని ఇళ్లకీ వర్తించే ఒక్క నియమం కోసం వెతుకుతున్నారు. ఆ అలవాటే ఆయన్ని పై మెట్టుకి తీసుకెళ్లింది. తర్వాత 1970లో, విడిపోతున్న భార్యాభర్తలు రాసుకున్న ఒప్పందం చెల్లుతుందని అదే అప్పీలు కోర్టు చెప్పి దీని పదును కొంత తగ్గించింది.

1928లో అట్కిన్ హౌస్ ఆఫ్ లార్డ్స్‌కి వెళ్లారు. ఇది పార్లమెంటు ఎగువ సభ కదా, కోర్టేంటి అనుకోవచ్చు. అప్పట్లో ఆ సభలోనే లా లార్డ్స్ అని కొద్దిమంది జడ్జిలు ఉండేవారు. దేశంలో ఆఖరి అప్పీలు వాళ్లదే. 2009లో పార్లమెంటు స్క్వేర్‌లో విడిగా సుప్రీంకోర్టు తెరిచేదాకా ఇదే పద్ధతి. స్కాట్లండ్ విషయంలో ఒక చిత్రమైన ఏర్పాటు ఉంది. అక్కడి క్రిమినల్ కేసులు లండన్‌కి రావు, సివిల్ కేసులు వస్తాయి. స్కాట్లండ్ చట్టం మూలాలు వేరు, ఇంగ్లండ్ చట్టం మూలాలు వేరు. కానీ రెంటికీ ఆఖరి తలుపు ఒక్కటే.

అదే జడ్జిలు కొన్ని రోజులు డౌనింగ్ స్ట్రీట్‌లో ఇంకో గదిలో కూర్చునేవారు. అక్కడ వాళ్ల పేరు ప్రివీ కౌన్సిల్ జుడీషియల్ కమిటీ. మనం ఇవాళ చెల్లాచెదురుగా ఉన్న దేశాల్లో చాలావాటి ఆఖరి అప్పీళ్లు ఆ గదికే వెళ్లేవి. ఇండియా ఆ తలుపు 1949లో మూసుకుంది. దక్షిణాఫ్రికా 1950లో మూసింది. మలేసియా సివిల్ అప్పీళ్లు 1985 దాకా వెళ్లాయి. మారిషస్ నుంచి ఇవాళ్టికీ వెళ్తున్నాయి. పోర్ట్ లూయిస్‌లో పొలం తగాదా పడ్డ మన తెలుగాయనకి ఈ రోజు కూడా ఆఖరి మాట లండన్‌దే.

మన రాష్ట్రాల సంగతి ఇంకా విచిత్రం. కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి మద్రాసు హైకోర్టు దాటితే లండనే. తెలంగాణ నిజాం రాజ్యంలో ఉండేది. అక్కడి కేసులు లండన్‌కి వచ్చేవి కావు, హైదరాబాద్‌లోనే నిజాం జుడీషియల్ కమిటీ దగ్గర ఆగిపోయేవి. అదే భాష, అదే రకం దాయాదుల తగాదా, కృష్ణకి అటు ఒక ఆఖరి కోర్టు, ఇటు ఒక ఆఖరి కోర్టు. 1950లో రాజ్యాంగం వచ్చాక గానీ ఈ రెండు దారులూ ఢిల్లీలో కలవలేదు.

ఆఖరి కోర్టు ఒకటి ఉంటే ఏం లాభమో చెప్పడానికి అట్కిన్ కన్నా ముందటిదే, మన కేసే ఒకటి ఉంది. ఒక్కగానొక్క కొడుకుని దత్తత ఇవ్వొచ్చా అన్న ప్రశ్న మీద ఇండియాలో హైకోర్టులు తలోమాట చెప్పేవి. కొన్ని చెల్లదన్నాయి, కొన్ని చెల్లుతుందన్నాయి. అంటే ఇంటి వారసుడు ఎవరన్నది ఆ ఇల్లు ఏ హైకోర్టు కింద ఉందన్న దాన్ని బట్టి మారిపోయేది. 1899లో బలుసు గురులింగస్వామి కేసులో, అలహాబాద్ నుంచి వచ్చిన ఇంకో కేసుని కూడా కలిపి విని, ప్రివీ కౌన్సిల్ దత్తత చెల్లుతుందని తేల్చింది. అది సరైన తీర్పా కాదా అని శాస్త్రాలు తెలిసినవాళ్లు వాదించుకోవచ్చు. కనీసం ఆ రోజు నుంచి అందరికీ ఒకటే జవాబు.

అట్కిన్ స్వయంగా రాసిన తెలుగు కేసు ఒకటుంది. సివిల్ కాదు, హత్య కేసు, అయినా చెప్పకుండా ఉండలేను. 1937 మార్చిలో పూరీ స్టేషన్‌లో రైలు థర్డ్ క్లాస్ పెట్టెలో ఒక ఇనప ట్రంకు దిక్కులేకుండా దొరికింది. తెరిస్తే అందులో ముక్కలు చేసిన శవం. చనిపోయినాయన పిఠాపురం దివాను దగ్గర ఒకప్పుడు ప్యూనుగా చేసినవాడు. దివానుగారి అల్లుడి కుటుంబానికి అప్పిచ్చాడు. డబ్బు తీసుకోవడానికి బరంపురం రమ్మని ఉత్తరం వచ్చిందని భార్యతో చెప్పి బయల్దేరాడు, మళ్లీ తిరిగి రాలేదు. అదే పాకాల నారాయణస్వామి కేసు, 1939 తీర్పు. చనిపోయిన మనిషి బయల్దేరేటప్పుడు భార్యతో అన్న మాట సాక్ష్యంగా పనికొస్తుందని, దర్యాప్తులో నిందితుడు పోలీసులకిచ్చిన వాంగ్మూలం మాత్రం పనికిరాదని అట్కిన్ రాశారు. ఇండియా కోర్టులు ఇవాళ్టికీ ఆ తీర్పుని తిరగేస్తూనే ఉంటాయి.

ఇప్పుడు నత్త దగ్గరికి వద్దాం.

1928 ఆగస్టు 26. గ్లాస్గో పక్కన పైస్లీ అనే ఊరు. మే డొనహ్యూ అనే షాపు అసిస్టెంటు స్నేహితురాలితో కలిసి వెల్‌మెడో కేఫ్‌కి వెళ్లింది. స్నేహితురాలు ఆవిడ కోసం ఐస్‌క్రీమ్ మీద పోసుకునే జింజర్ బీర్ ఆర్డరిచ్చింది. పేరులో బీర్ ఉంది గానీ మందు కాదు, మన గోలీసోడా లాంటి అల్లం సోడా. సీసా ముదురు రంగుది, లోపలేముందో కనపడదు. సగం పోసుకుని తాగింది. మిగతాది పోస్తుంటే కుళ్లిన నత్త బయటపడిందని ఆవిడ చెప్పింది. తర్వాత కడుపు పాడై ఆస్పత్రి పాలైంది.

ఇక్కడ చిక్కేమిటంటే డబ్బు కట్టింది స్నేహితురాలు. కాబట్టి కేఫ్ వాడికీ ఈవిడకీ కొనుగోలు సంబంధం లేదు. పైగా మూసి ఉన్న సీసాలో ఏముందో కేఫ్ వాడికి మాత్రం ఏం తెలుసు? సోడా తయారు చేసిన స్టీవెన్సన్‌కీ ఈవిడకీ అసలే సంబంధం లేదు. అప్పటి ఆలోచన ప్రకారం ఒప్పందం లేకపోతే దావా లేదు. 1842లో ఇంగ్లండ్‌లో ఒక టపా బండి విరిగి తోలేవాడు కుంటివాడైతే, నీకూ బండి బాగు చూసే కాంట్రాక్టరుకీ ఒప్పందం లేదు పొమ్మన్నారు. ఆ మూల నియమానికి తర్వాత తూట్లు పడుతూ వచ్చాయి. తుపాకీ లాంటి ప్రమాదకరమైన వస్తువైతే వేరు, మోసం ఉంటే వేరు. 1869లో భర్త కొనిచ్చిన తలనూనె లాంటి మందు వల్ల భార్యకి హాని జరిగితే దావా వేయనిచ్చారు. 1883లో ఒక జడ్జి వీటన్నిటికీ ఒక సూత్రం చెప్పబోతే పక్కనున్న ఇద్దరూ ఒప్పుకోలేదు. తుపాకీకి ఒక రూలు, తలనూనెకి ఒక రూలు, బండికి ఒక రూలు. మీ కేసు గెలుస్తుందో లేదో చెప్పాలంటే లాయరు ముందుగా మీకు దెబ్బ తగిలిన వస్తువేంటో అడగాల్సిన పరిస్థితి.

స్కాట్లండ్‌లో ఇంకా దారుణం. 1929 మార్చిలో, అంటే నత్త దావా పడే కొన్ని రోజుల ముందే, జింజర్ బీర్ సీసాల్లో చచ్చిన ఎలుకలు వచ్చాయని వేసిన రెండు కేసుల్ని అక్కడి పై కోర్టు కొట్టేసింది. ఆ ఎలుకల కేసు ఓడిపోయిన లాయరే, వాల్టర్ లీచ్‌మన్, ఏప్రిల్ 9న మే డొనహ్యూ తరఫున స్టీవెన్సన్ మీద 500 పౌండ్లకి దావా వేశాడు. ఈ మనిషి మొండితనం గురించి ఎవరైనా విడిగా ఒక వ్యాసం రాయాలి. కింది కోర్టు దావా నడవొచ్చంది. పై కోర్టు, ఎలుకలకి ఇచ్చిన తీర్పే నత్తకీ అంది. మిగిలింది లండన్. లండన్‌లో ఓడితే అవతలివాళ్ల ఖర్చులు కట్టాలి. తన ఆస్తి ఐదు పౌండ్లు కూడా చేయదని ప్రమాణం చేసి, బీదరాలిగా అప్పీలు చేసుకోవడానికి ఆవిడ అనుమతి తెచ్చుకుంది. లాయర్లు ఫీజు లేకుండా వాదించారు.

1931 డిసెంబర్‌లో వాదనలు జరిగాయి. ఐదుగురు జడ్జిలు. ఇద్దరు స్కాట్లండ్ వాళ్లు, ఇద్దరు ఇంగ్లండ్ వాళ్లు, ఒకరు వేల్స్ మనిషినని చెప్పుకునే మన అట్కిన్. 1932 మే 26న తీర్పు. ఇద్దరు స్కాట్ జడ్జిలు డొనహ్యూ వైపు, ఇద్దరు ఇంగ్లిష్ జడ్జిలు స్టీవెన్సన్ వైపు. ఐదో ఓటుతో ఆవిడ గెలిచింది.

ఓటు కన్నా ఆ ఓటుకి ఆయన చెప్పిన కారణం ముఖ్యం. సీసా గురించి మాత్రమే చెప్పి ఊరుకుని ఉంటే తుపాకీ, తలనూనె, బండి పక్కన నాలుగో రూలు చేరేది, అంతే. ఇన్ని విడివిడి తీర్పులు ఇన్నేళ్లుగా వస్తున్నాయంటే, వీటన్నిటి కింద ఒక మూల సూత్రం ఉండి తీరాలని అట్కిన్ అన్నారు. ఆ సూత్రాన్ని బైబిల్లో మంచి సమరయుడి కథలో వచ్చే ప్రశ్న నుంచి తీసుకున్నారు. నా పొరుగువాడు ఎవరు? చట్టం దృష్టిలో ఆయన జవాబు ఇలా ఉంటుంది. నేను చేసే పని వల్ల దగ్గరగా, నేరుగా ఎవరికి దెబ్బ తగులుతుందో, పని చేసేటప్పుడు నేను ఎవరిని మనసులో పెట్టుకోవాల్సి ఉందో వాళ్లు నా పొరుగువాళ్లు. వాళ్లకి హాని జరగకుండా తగినంత జాగ్రత్త పడటం నా బాధ్యత. సీసా బిరడా బిగించినవాడికి తాగేవాళ్ల ముఖం తెలియకపోవచ్చు, తాగేవాళ్లు ఉంటారని మాత్రం తెలుసు.

ఆయన క్రమం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి. సెలవుల్లో వేల్స్ సముద్రతీరంలో అబర్‌డవీలోని ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర పిల్లలతో ఈ పొరుగువాడి ప్రశ్న గురించి మాట్లాడేవారని ఇంట్లోవాళ్లు తర్వాత గుర్తుచేసుకున్నారు.

ఇంకో మాట. ఈ విషయంలో స్కాట్లండ్ చట్టమూ ఇంగ్లండ్ చట్టమూ ఒకటే అన్న పునాది మీద ఆ తీర్పు నిలబడింది. కేసు పైస్లీది, తీర్పు లండన్‌ది, నియమం రెండు దేశాలదీ. కింది కోర్టు ఎంత గొప్పగా రాసినా ఈ పని చేయలేదు. ఎడిన్‌బరో మాట లండన్ వినక్కర్లేదు, లండన్ అప్పీలు కోర్టు మాట ఎడిన్‌బరో వినక్కర్లేదు. ఇద్దరి మీదా ఉన్నవాళ్లు చెబితేనే ఇద్దరికీ చెల్లుతుంది. మూడేళ్లు దాటాక, 1935లో, అడిలైడ్‌లో ఒక డాక్టరు కొత్త ఉన్ని లోదుస్తులు వేసుకుని, వాటిలో మిగిలిపోయిన రసాయనం వల్ల ఒళ్లంతా దద్దుర్లు తెచ్చుకున్న కేసు ప్రివీ కౌన్సిల్‌కి వచ్చింది. సీసా రూలు బట్టలకి పనికొస్తుందా అని వాదించారు. పనికొస్తుందని తేలింది. పైస్లీ నత్త ఆస్ట్రేలియా చేరింది.

ఓడిపోయిన ఇద్దరు జడ్జిల మాట కూడా చెప్పాలి. ఇలా మొదలుపెడితే ఇల్లు కట్టిన ప్రతివాడూ, సరుకు చేసిన ప్రతివాడూ ఎవరెవరికో జవాబు చెప్పుకోవాలి, దీనికి అంతెక్కడ అని బక్‌మాస్టర్ భయపడ్డారు. చాదస్తం అని కొట్టిపారేయలేం. 1977లో ఇళ్ల పునాదుల విషయంలో ఇదే కోర్టు ఈ సూత్రాన్ని చాలా దూరం సాగదీసింది, 1990లో మళ్లీ తనే వెనక్కి తీసుకుంది. ఆ 13 ఏళ్ల మధ్యలో ఇల్లు కొన్నవాళ్లు, లోపమున్న ఇంటికి మునిసిపాలిటీ మీద దావా వేయొచ్చనుకున్నవాళ్లు ఏమయ్యారో ఆలోచించండి. ఆఖరి కోర్టు తడబడితే దేశమంతా ఒకేసారి తడబడుతుంది.

అసలు సీసాలో నత్త ఉందా లేదా? ఎవరూ తేల్చలేదు. లండన్ తేల్చింది, ఆవిడ చెప్పింది నిజమైతే దావా నిలుస్తుందని మాత్రమే. సాక్ష్యాల విచారణకి వెళ్లకముందే స్టీవెన్సన్ చనిపోయారు, కేసు 200 పౌండ్లకి రాజీ అయిందని చెబుతారు.

అమెరికాలో ఉన్న పాఠకులకి ఒక చిన్న మాట. మీ దగ్గర ఇదే మలుపు ముందే వచ్చింది. 1916లో న్యూయార్క్ రాష్ట్రపు అత్యున్నత కోర్టులో జడ్జి కార్డోజో, చక్రం విరిగిన బ్యూక్ కారు కేసులో తయారీదారుదే బాధ్యత అన్నారు. అట్కిన్ ఆ తీర్పుని మెచ్చుకుంటూ వాడుకున్నారు. తేడా ఏమిటంటే కార్డోజో మాట న్యూయార్క్‌కే కట్టుబాటు. మిగతా రాష్ట్రాల కోర్టులు నచ్చితేనే, నెమ్మదిగా ఒక్కొక్కటీ ఒప్పుకున్నాయి. ఇలాంటి సివిల్ విషయాల్లో వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు అందరికీ ఒకటే రూలు పెట్టదు. అందుకే టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి ఇల్లు మారిన దంపతులకి ఆస్తి లెక్కే మారిపోతుంది.

1936లో ట్రినిడాడ్ నుంచి ఒక పత్రిక కేసు వచ్చింది. రెండు నేరాలకి ఇద్దరు జడ్జిలు వేసిన శిక్షల్లో పొంతన లేదని ఒక వ్యాసం వేసినందుకు, కోర్టు ధిక్కారం కింద పత్రిక మేనేజరుకి 25 పౌండ్లు జరిమానా వేశారు. అట్కిన్ ఆ జరిమానాని కొట్టేశారు. కోర్టుల పనిని మామూలు మనుషులు మర్యాదగా, కాస్త కటువుగా అయినా సరే, విమర్శించవచ్చని రాశారు. తీర్పులకి పొంతన లేదని చెప్పే హక్కు జనానికి లేకపోతే, పొంతన తెమ్మని కోర్టుని అడిగేదెవరు? ఆయన రాసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇక 1941. యుద్ధం రోజులు. 18బి అనే నిబంధన కింద, ఒక మనిషి శత్రువులతో సంబంధం ఉన్నవాడని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉంటే హోం మంత్రి అతన్ని విచారణ లేకుండా నిర్బంధించవచ్చు. రాబర్ట్ లివర్‌సిడ్జ్ అనే వైమానిక దళం ఉద్యోగిని అలా లోపలేశారు. అతను హోం మంత్రి జాన్ ఆండర్సన్ మీద అక్రమ నిర్బంధానికి సివిల్ దావా వేసి, ఆ కారణమేమిటో వివరాలు చెప్పమన్నాడు. మంత్రి మనస్ఫూర్తిగా నమ్మితే చాలు, కారణం కోర్టుకి చెప్పక్కర్లేదని నలుగురు జడ్జిలు అన్నారు. అట్కిన్ ఒక్కరే కాదన్నారు.

చాలామంది దీన్ని స్వేచ్ఛ కోసం చేసిన గొప్ప గర్జనగా చెబుతారు. నిజమే గానీ, నాకు ఇందులో కనిపించేది నత్త తీర్పు రాసిన మనిషే. సహేతుకమైన కారణం అన్న మాటకి చట్టంలో వందల ఏళ్లుగా ఒకే అర్థం ఉంది. పోలీసు వారంటు లేకుండా అరెస్టు చేసినా, ఎవరైనా కక్షతో కేసు పెట్టారని దావా వేసినా, ఆ మాట వచ్చిన చోటల్లా కారణం నిజంగా ఉందా అని కోర్టు చూసేది. అదే మాట మంత్రి చేతిలో పడగానే అర్థం మారిపోతుందా? తోచిన పదానికి తోచిన అర్థం చెప్పే హంప్టీ డంప్టీతో తోటి జడ్జిల వాదనని పోల్చారు. ఆ పోలిక తీసేయమని లార్డ్ ఛాన్సలర్ సైమన్ స్వయంగా ఉత్తరం రాశారు. అట్కిన్ తీయలేదు. తీర్పు వచ్చాక, మెజారిటీలో ఉన్న మామ్ అనే జడ్జి టైమ్స్ పత్రికకి ఉత్తరం రాసి మరీ ఆయన్ని తప్పుబట్టారు. భోజనాల బల్ల దగ్గర తోటివాళ్లు ముఖం తిప్పుకున్నారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకి 73 ఏళ్లు.

ఇందులో ఒక మెలిక ఉంది. 1898 నుంచి హౌస్ ఆఫ్ లార్డ్స్ తన పాత తీర్పుకి తనే కట్టుబడి ఉండాలి. తప్పని తెలిసినా పార్లమెంటు చట్టం మార్చేదాకా అంతే. రేపు ఏం జరుగుతుందో జనానికి ముందే తెలియాలంటే ఇది అవసరమని అప్పటి వాదన. కాబట్టి 1941లో నలుగురు చెప్పింది అందరికీ చట్టమై కూర్చుంది. 1966లో గానీ, అవసరమైతే పాత తీర్పుని దాటి వెళ్తామని ఆ కోర్టు ప్రకటించుకోలేదు. టాక్స్ అధికారుల సోదాల మీద వచ్చిన ఒక కేసులో, అట్కిన్ ఒంటరిగా రాసినదే సరైనదని, ఆ నలుగురిదీ పొరపాటని లార్డ్ డిప్లాక్ బాహాటంగా ఒప్పుకునేసరికి 38 ఏళ్లు గడిచాయి.

ఇండియాలో ఈ పని రాజ్యాంగమే అప్పగించింది. 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు చెప్పిన చట్టం దేశంలోని అన్ని కోర్టులకీ శిరోధార్యం. 2019 జనవరి నుంచి అమరావతిలో ఒక హైకోర్టు, హైదరాబాద్‌లో ఒక హైకోర్టు. ఒకదాని కొత్త తీర్పు ఇంకోదానికి కట్టుబాటు కాదు. రెండు చోట్లా ఆస్తులున్న మన కుటుంబాలకి, రెండు కోర్టులూ ఒకే మాట మీద నిలవాలంటే ఢిల్లీయే దిక్కు. ఆ ఢిల్లీ కూడా ఒకసారి పెద్ద తప్పే చేసింది. 1976లో, ఎమర్జెన్సీలో, నిర్బంధించినవాళ్లు కోర్టు తలుపు తట్టడానికి వీల్లేదని నలుగురు జడ్జిలు అన్నారు, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ వాదనల్లోనూ లివర్‌సిడ్జ్ కేసు ప్రస్తావనకి వచ్చింది. 2017లో తొమ్మిది మంది జడ్జిల బెంచి ఆ తీర్పుని కొట్టేసింది.

అట్కిన్ ఇవేవీ చూడలేదు. తోటివాళ్లతో తగువు పడ్డాక కూడా ఉద్యోగం వదల్లేదు, ఆ తర్వాత సుమారు రెండున్నరేళ్లు అదే బెంచీ మీద కూర్చుని అప్పీళ్లు విన్నారు. 1944 జూన్ 25న అబర్‌డవీలో చనిపోయేనాటికి ఆయనకి 76 ఏళ్లు, అప్పటికింకా జడ్జిగానే ఉన్నారు.